బీరువాలో దాచిన బాణీ

ఈ వేసవిలో ఆవకాయ ముక్కలు తుడుస్తూ కూర్చుంటే మా అబ్బాయి ఫోన్‌లో వయొలిన్ పెట్టాడు. "అమ్మా, ఇది ఎనభై నాలుగేళ్లు ఎవరికీ వినబడకుండా ఉండిపోయిందిట" అన్నాడు. ఎందుకలా అయిందంటే వాడు కథంతా చెప్పుకొచ్చాడు. ముక్కలు పక్కన పెట్టి విన్నానంటే నమ్మండి!

దొరల సంగీతం మనకెందుకులే అనుకోకండి. ఇందులో ఉన్నది ఒక ఇల్లాలి కథ.

షూమన్ అని జర్మనీలో పెద్ద సంగీతకర్త. 1853లో రెండు వారాల్లో ఒక వయొలిన్ కన్‌చెర్టో రాశాడు. మన కచేరీలో వయొలిన్ గాత్రానికి పక్కవాద్యం కదా, కన్‌చెర్టోలో అదే పెళ్లికూతురు. తక్కిన వాద్యాలన్నీ పెళ్లివారిలా దాని చుట్టూ చేరతాయి.

ఆయన భార్య క్లారా. ఎనిమిదిమంది పిల్లల్ని కన్న తల్లి, యూరప్ అంతటా పేరున్న పియానో విద్వాంసురాలు. 1854 ఫిబ్రవరిలో షూమన్‌కి మతి చలించింది. దేవతలు వచ్చి ఒక బాణీ నేర్పారంటూ రాసుకున్నాడు. అది తన కన్‌చెర్టో రెండో భాగంలో వచ్చే బాణీలాంటిదేనని కూడా గుర్తులేదు పాపం! కొద్దిరోజులకే రైన్ నదిలో దూకాడు. బయటికి లాగారుగానీ పిచ్చాసుపత్రిలోనే 1856లో పోయాడు. ఆ తర్వాత క్లారా కచేరీలు చేస్తూ సంసారం ఈదింది.

భర్త రచనలెన్నో అచ్చువేయించిన ఆ ఇల్లాలు దీన్ని మాత్రం పక్కన పెట్టేసింది. ఎవరికోసం రాశాడో ఆ వయొలిన్ విద్వాంసుడు యోవాఖిమ్ కూడా ఇది జబ్బుమనిషి రాతేనన్నాడు. 1893లో ఆయనవే మరికొన్ని చిన్న రచనల్ని క్లారా తగలబెట్టేసింది కూడా. కన్‌చెర్టో రాతప్రతి యోవాఖిమ్ దగ్గరుండి, ఆయన పోయాక బెర్లిన్ గ్రంథాలయానికి చేరింది. షూమన్ పోయి నూరేళ్లయ్యేదాకా బయటపెట్టకూడదని షరతు!

1933లో యోవాఖిమ్ తోబుట్టువు మనవరాలు, ఆవిడా వయొలిన్ విద్వాంసురాలే, ఆత్మల్ని పిలిచే కూటంలో షూమన్ ఆత్మ వచ్చి తన కన్‌చెర్టో వాయించమందని చెప్పింది. (నవ్వకండి, మనవాళ్లు తక్కువ తిన్నారా?) చివరికి 1937లో అచ్చయింది. ఇరవై ఒక్కేళ్ల యెహూదీ మెనూహిన్ ముందుగా తానే వాయించాలని ముచ్చటపడ్డాడు. హిట్లర్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. తొలి కచేరీ జర్మన్ వాడే చెయ్యాలంది, పైగా మెనూహిన్ యూదుడాయె. నవంబరు 26న బెర్లిన్‌లో కూలెన్‌కాంఫ్ వాయించాడు, డిసెంబరులో అమెరికాలో మెనూహిన్ వాయించాడు. షూమన్ ఆఖరి కూతురు యూజినీ అప్పటికి ఎనభై దాటిన ముసలావిడ. మా అమ్మ వద్దన్నదాన్ని ఎలా బయటపెడతారని బాధపడింది.

ఆ మెనూహినే 1952లో మద్రాసు వచ్చినప్పుడు జస్టిస్ రాజమన్నార్‌గారింట్లో మన ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు విని ఎంతో మెచ్చుకున్నారు. మన కచేరీల్లో పక్కవాద్యాన్ని పెళ్లికూతురిగా కూర్చోబెట్టిన ఘనత నాయుడుగారిదే కదండీ!

ఇంతకీ క్లారా చేసింది తప్పంటారా? నేననలేను. పెద్దపెట్టెలో పట్టుచీరల అడుగున మా అత్తయ్యగారి పాటల పుస్తకం ఉంది. కోనసీమ పుట్టిల్లు ఆవిడది, మంగళహారతులూ అప్పగింతల పాటలూ సొంతంగా కట్టేవారు. ఆఖరి రెండేళ్లూ మతిమరుపు వచ్చింది. అప్పుడు రాసినవాటిలో అక్షరాలు వంకర్లు, ఒక పాట మధ్యలో ఇంకో పాట, ఓచోట చాకలిపద్దు. మా ఆడపడుచు కూతురు పెళ్లిలో పాడతానని ఆ పుస్తకం అడిగితే "ఎక్కడ పెట్టానో కనబడట్లేదమ్మా" అని అబద్ధమాడాను. నలుగురూ నవ్వితే ఆవిడ పరువు పోతుందని నా బాధ.

ఆ కన్‌చెర్టో రెండో భాగం నెమ్మదిగా సాగుతుంది, జోలపాటలా. జబ్బుమనిషి రాశాడంటే నాకైతే నమ్మబుద్ధి కాలేదు. రెండుసార్లు పెట్టించుకుని విన్నాను. మా వారు "ముక్కలు ఎండిపోతున్నాయేవ్" అని కేకేశారు.

రాత్రి పెట్టె తీశాను. చాకలిపద్దు ఉన్న పేజీలోనే కింద ఒక హారతి ఉంది. నేనెప్పుడూ వినలేదు. రెండు చరణాలు పూర్తిగా ఉన్నాయి, మూడోది సగంలో ఆగిపోయింది. రాగం పేరు రాయలేదు. ఆదివారం మా ఆడపడుచునీ కూతుర్నీ భోజనానికి రమ్మన్నాను. పుస్తకం హాల్లో బల్లమీదే ఉంది.