లినక్స్ వేస్తే ల్యాప్‌టాప్ పాడవుతుందా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో అయి ఉండాలి. అలా నిక్షేపంగా పనిచేస్తున్న యంత్రాలు కూడా కాగితాల మీద పాతవైపోయాయి. కొండల మీది చింతపల్లి డిగ్రీ కాలేజీ విద్యార్థికి అందుబాటు ధరలో సెకండ్‌హ్యాండ్‌లో దొరికేవి ఇలాంటివే. వాటికి లినక్స్ వేయిద్దామని అనుకోగానే నలుగురూ నాలుగు మాటలంటారు. వైఫై పోతుందంటారు, సౌండ్ రాదంటారు, బ్యాటరీ తాగేస్తుందంటారు, అది ఇంజినీర్ల వ్యవహారం మనకెందుకంటారు. వీటిలో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు కాబట్టే ఇన్నేళ్లుగా చలామణీలో ఉన్నాయి. అయితే ఈ మాటలన్నీ హార్డ్‌వేర్ పనిచేయడాన్ని అదృష్టానికి వదిలేస్తాయి, తప్పు అక్కడే ఉంది. ఏ చిప్పు పనిచేస్తుందో, ఏది మొరాయిస్తుందో, ఎందుకో ముందే తెలుసుకోవచ్చు. అదీ డిస్కు మీద ఒక్క అక్షరం మార్చకుండానే.

మొదటి అపోహ డ్రైవర్ల గురించి. విండోస్ అలవాటున్నవారికి డ్రైవర్ అంటే కంపెనీ సైట్ నుంచి దించుకుని, నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయే ఫైలు. అందుకే లినక్స్ వేశాక వైఫై కనిపించకపోతే ముందు గూగుల్‌లో డ్రైవర్ కోసం వెతుకుతారు. ఎవరో ఎప్పుడో రాసిన స్క్రిప్టు దొరుకుతుంది, దాన్ని నడుపుతారు, అంతవరకు పనిచేస్తున్నది కూడా చెడుతుంది. లినక్స్‌లో డ్రైవర్ ఉండే చోటే వేరు, అది ఓఎస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే ఉంటుంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ కెర్నల్ 2025 నాటికి దాదాపు 4 కోట్ల వరుసల కోడ్‌కు పెరిగింది. అందులో సగానికి పైగా డ్రైవర్లే. అంటే మీ టచ్‌ప్యాడ్‌కు, కెమెరాకు, సౌండ్ కార్డుకు కావలసినది చాలావరకు ఓఎస్‌తోపాటే వచ్చేసి ఉంటుంది. అయినా ఏదైనా పనిచేయలేదంటే కారణం సాధారణంగా ఈ నాలుగింటిలో ఒకటి: ఆ చిప్పు లోపలికి ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్ ఫైలు లేకపోవడం, చిప్పు పుట్టేనాటికి మీ కెర్నల్ పాతదై ఉండటం, సెక్యూర్ బూట్ అనే భద్రతా తనిఖీ ఆ డ్రైవర్‌ను లోపలికి రానివ్వకపోవడం, లేదా దాన్ని చేసిన కంపెనీ లినక్స్ కోసం ఏమీ రాయకపోవడం. మొదటి మూడింటికీ మందుంది. నాలుగోది ముందే తెలుసుకుని తప్పుకోవాలి.

లినక్స్‌కు చేతకాదు అనేవారికి జవాబు వాళ్ల జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేది లినక్స్ కెర్నలే. అక్కడ వేలిముద్ర పనిచేస్తుంది, కెమెరా పనిచేస్తుంది, బ్లూటూత్ పనిచేస్తుంది. ఫోన్ అమ్మాలంటే ఇవన్నీ నడవాలి కాబట్టి తయారీదారు డబ్బు పెట్టి ఆ పని చేయించాడు. అదే తయారీదారు ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చేసరికి విండోస్‌కు మాత్రమే చేయించి ఊరుకుంటాడు. మిగిలిన భారం కొన్నిచోట్ల ఇంటెల్, ఏఎండీ లాంటి కంపెనీల ఇంజినీర్ల మీద, కొన్నిచోట్ల జీతం లేకుండా రాసేవారి మీద పడుతుంది. ఏ చిప్పుకు ఎవరు రాశారన్నదే అసలు తేడా.

వైఫై కథ చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. లినక్స్‌కు చెడ్డపేరు తెచ్చినవాటిలో బ్రాడ్‌కామ్ చిప్పులది పెద్ద వాటా. ఆ కంపెనీ వివరాలు ఇవ్వకపోతే కొందరు చిప్పు నడకను గమనించి, ఊహించి బీ43 అనే డ్రైవర్ రాశారు. డ్రైవర్ అయితే వచ్చింది గానీ ఫర్మ్‌వేర్ పంచే అనుమతి లేదు. దాన్ని విడిగా నెట్ నుంచి దించుకోవాలి. వైఫై రావడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి వైఫై కావాలి! 2010 సెప్టెంబర్‌లో బ్రాడ్‌కామ్ తన కొత్త చిప్పులకు ఓపెన్‌సోర్స్ డ్రైవర్ విడుదల చేసింది గానీ అప్పటికే పేరు చెడింది. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌ది ఇంకో దారి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ఏ ఫర్మ్‌వేరూ ఇన్‌స్టాలర్‌లో ఉండరాదని చాలాకాలం పట్టుబట్టింది. చివరికి 2022లో ఓటింగ్ పెట్టుకుని, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి దాన్ని కలిపే ఇస్తోంది. ఆ ఒక్క నిర్ణయంతో కొత్తవారి తలనొప్పిలో చాలా భాగం తగ్గింది. ఇంటెల్ వైఫై కార్డుకు ఉబుంటు, మింట్ అనే లినక్స్ రకాల్లో సాధారణంగా మీరు చేయాల్సిందేమీ ఉండదు. బ్రాడ్‌కామ్ ఉంటే మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరవాలి, ఆ డ్రైవర్ ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌లోనే ఉంటుంది. మీది ఏ కార్డో తెలియాలంటే టెర్మినల్‌లో ఎల్, ఎస్, పీ, సీ, ఐ అనే ఐదు చిన్నక్షరాలు కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చిన జాబితాలో నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుసలో పేరు ఉంటుంది. కొన్ని కార్డులు లోపల యూఎస్‌బీ దారిలో ఉంటాయి, వాటికి పీసీఐ బదులు యూఎస్‌బీ అని కొట్టాలి. సాయం అడిగేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ కంటే ఆ పేరే ముఖ్యం, ఎందుకంటే ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల కార్డులు వేసి అమ్ముతుంటారు.

నగరంలో వైఫై రాకపోవడం చిన్న సమస్య, పక్కింటి లాన్ కేబుల్‌తో గట్టెక్కవచ్చు. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కాక లాన్ కేబుల్ మాట దేవుడెరుగు, సిగ్నల్ కూడా ఊళ్లో ఏదో ఒక మూలనే దొరుకుతుంది. ఇక్కడ పనికొచ్చేది ఫోన్. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్ దాన్ని లాన్ కేబుల్‌లాగే చూస్తుంది. ఏ డ్రైవరూ అక్కర్లేదు. హాట్‌స్పాట్ వేరు, ఇది వేరు. హాట్‌స్పాట్ అందుకోవాలన్నా వైఫై పనిచేయాలి కదా. కేబుల్ కూడా డేటా వెళ్లేది అయి ఉండాలి, చవకరకం కేబుల్స్ కొన్ని ఛార్జింగ్‌కు తప్ప దేనికీ పనికిరావు. ఈ దారిలో తెచ్చుకోవాల్సిన ఫర్మ్‌వేర్ సాధారణంగా చిన్నదే. పెద్దది ఓఎస్ ఫైలే. మింట్ దాదాపు 3 జీబీ, ఉబుంటు 24.04 అయితే 6 జీబీకి దగ్గర. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాక్ మీద కొండపైన దించడం జరిగే పని కాదు, విశాఖలోనో నర్సీపట్నంలోనో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాలి.

సెక్యూర్ బూట్ దగ్గర పడే చిక్కు చాలామందికి చిక్కుగానే కనపడదు. ఎన్‌విడియా గ్రాఫిక్స్, బ్రాడ్‌కామ్ వైఫై లాంటి బయటి డ్రైవర్ వేసేటప్పుడు ఉబుంటు మిమ్మల్ని ఒక పాస్‌వర్డ్ పెట్టమనవచ్చు. ఎందుకో అర్థంకాక ఏదో ఒకటి కొట్టి ముందుకెళ్తారు. రీస్టార్ట్ కాగానే నీలం తెర వస్తుంది, పది సెకన్లలోపు ఏదో ఒక మీట నొక్కమంటుంది. నొక్కకపోతే తెర వెళ్లిపోతుంది. నొక్కితే మెనూ వస్తుంది, అందులో మొదట వెలుగుతున్నది కంటిన్యూ బూట్. అలవాటుగా ఎంటర్ కొట్టారో, పని చెడ్డట్టే. కిందికి దిగి ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని, ఇందాకటి పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఈ ఒక్క మెట్టు తప్పితే డ్రైవర్ డిస్కులో ఉండి కూడా పనిచేయదు. మనిషేమో డ్రైవర్ సరిగా పడలేదనుకుని తీసేసి మళ్లీ వేస్తుంటాడు. సెక్యూర్ బూట్‌ను బయోస్‌లో ఆపేయమని కొందరు చెప్పే సలహా పనిచేస్తుంది. కానీ పక్కన విండోస్ ఉంచుకున్నవారు ముందుగా డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ రాసి పెట్టుకోకుండా ఆ జోలికి వెళ్లకూడదు.

కొత్త ల్యాప్‌టాప్‌లో అన్నీ బాగా పనిచేస్తాయని మరో నమ్మకం. లినక్స్ విషయంలో ఇది తలకిందులు. ఉబుంటు 24.04 తొలి విడుదలలో ఉన్నది 6.8 కెర్నల్. 2024 చివర్లో మార్కెట్‌కొచ్చిన చిప్పు గురించి, అంతకు ముందే తయారైన దానికి ఏం తెలుస్తుంది? అదే ఉబుంటు 2025 ఆగస్టులో 24.04.3గా వచ్చినప్పుడు 6.14 కెర్నల్‌తో వచ్చింది. కాబట్టి కొత్త యంత్రానికి కొత్త ఫైలు దించుకోవాలి, రెండేళ్ల కిందట స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో దాచినది కాదు. నాలుగైదేళ్ల పాత ల్యాప్‌టాప్‌కు ఈ బెడద చాలా తక్కువ. తక్కువ డబ్బున్నవారికి లినక్స్ ఎక్కువగా కలిసొచ్చేది ఇక్కడే.

బ్యాటరీ ఫిర్యాదులో కొంత నిజముంది. ఎన్‌విడియా కార్డు అవసరం లేకపోయినా మేలుకుని ఉండటం, బ్రౌజర్‌లో వీడియో భారం ప్రాసెసర్ మీద పడటం వల్ల ఛార్జ్ తొందరగా దిగుతుంది. పవర్ మోడ్ మార్చుకుంటే కొంత తగ్గుతుంది. మూత మూసినా ఛార్జ్ కారిపోవడానికి మాత్రం లినక్స్‌ను ఒక్కదాన్నే అనలేం. ఈమధ్య ల్యాప్‌టాప్‌లలో పాత పద్ధతి నిద్రనే తయారీదారులు తీసేశారు, బ్యాగులో వేడెక్కిపోతోందని విండోస్ వాడేవారు కూడా గోలపెడుతున్నారు. లంబసింగి చలిలో లిథియం బ్యాటరీ ఎటూ తక్కువే ఇస్తుంది, ఆ పాపం ఏ ఓఎస్‌దీ కాదు. గడియారం సంగతి ఇంకా విచిత్రం. రెండు ఓఎస్‌లు పెట్టుకున్నవారికి విండోస్‌లోకి వెళ్లగానే టైమ్ సరిగ్గా అయిదున్నర గంటలు వెనక చూపిస్తుంది. సీమాస్ బ్యాటరీ పోయిందేమోనని విప్పించి మార్పించకండి. బోర్డు మీది గడియారంలో లినక్స్ గ్రీనిచ్ టైమ్ రాస్తుంది, విండోస్ దాన్ని మన టైమ్ అనుకుని చదువుతుంది. అయిదున్నర గంటల తేడా అదే, ఒక సెట్టింగ్‌తో పోతుంది.

విండోస్‌లో అన్నీ వాటంతటవే పనిచేస్తాయి కదా, ఎందుకీ తిప్పలు అని అడగవచ్చు. వాటంతటవి పనిచేయవు. కొన్ననాడు పనిచేసినవి కంపెనీ ముందే డ్రైవర్లు ఎక్కించి పంపినవి. అదే ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ కొట్టి పెన్‌డ్రైవ్ నుంచి ఉత్త విండోస్ 11 వేయండి, వైఫై డ్రైవర్ లేదంటూ, నెట్ లేనిదే ముందుకు పోనంటూ సెటప్‌లోనే ఆగిపోయే యంత్రాలు బోలెడు. తేడా అల్లా ఆ పని మన తరఫున ఎవరో చేసిపెట్టారా లేదా అన్నదే. చేసిపెట్టినచోట లినక్స్ కూడా మామూలుగానే నడుస్తుంది. కేరళ ప్రభుత్వ బడుల్లో కైట్ సంస్థ ఉబుంటు మీద తయారుచేసిన ఓఎస్‌తో పిల్లలు పదో తరగతి ఐటీ పరీక్ష రాస్తున్నారు. తమిళనాడు 2011లో విద్యార్థులకు పంచిన ల్యాప్‌టాప్‌లలో విండోస్ పక్కనే సీడాక్ సంస్థ వారి బాస్ లినక్స్ కూడా ఉంది. ఆ పిల్లలెవరూ ఇంజినీర్లు కారు.

ఇంతా చెప్పాక పనిచేయనివాటి సంగతీ చెప్పాలి. ల్యాప్‌టాప్‌లోని వేలిముద్ర సెన్సర్లలో చాలావాటికి లినక్స్‌లో డ్రైవర్ లేదు. ఆఫీసుల్లో ఎక్కడ చూసినా కనపడే కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్‌కు కంపెనీ ఇచ్చిన లినక్స్ డ్రైవర్ ఉందన్న పేరే గానీ, కొత్తవారు దాన్ని నిలబెట్టడం కష్టం. హెచ్‌పీ 1020 ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ అందుకోవాలి, హెచ్‌పీ వారి ప్లగిన్ ఒకసారి వేస్తే ఆ పని దానంతటదే జరుగుతుంది. డీటీపీ పనిలో అను స్క్రిప్ట్ మీద బతికేవారికి, ఆధార్ వేలిముద్ర యంత్రంతో జీవనం సాగించేవారికి నా సలహా ఒక్కటే, విండోస్ తీసేయకండి. వాదన గెలవడం కోసం బతుకుతెరువు పోగొట్టుకోనక్కర్లేదు.

మిగిలినవారికి పరీక్ష చాలా సులువు. ఉబుంటు గానీ మింట్ గానీ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తాయి, డిస్కు ముట్టుకోవు. అలా నడిపి వైఫై కలపండి, పాట పెట్టండి, మైకులో మాట్లాడి వినండి, కెమెరా తెరవండి, వెలుతురు తగ్గించే మీటలు నొక్కండి, మూత మూసి తెరవండి. పెన్‌డ్రైవ్ మీద నెమ్మదిగా ఉంటుంది, వేగాన్ని బట్టి తీర్పు చెప్పకండి. ఎన్‌విడియా డ్రైవర్, ఆ నీలం తెర ఈ పరీక్షలో తేలవు. తక్కినవి చాలావరకు తేలిపోతాయి. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనడానికి కొండ దిగేవారు ఆ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్లండి. డబ్బు లెక్కపెట్టకముందే షాపులో దాంతో ఆన్ చేసి చూపించమనండి. అందుకు ఒప్పుకోని షాపులో కొనకండి.