ఉప్పునీటి రొయ్యపిల్లలను ఇంటనే పొదిగించుట

చర్లపల్లి, నాచారము ప్రాంతములలో రంగుచేపలను పెంపదలచు సభ్యులకు మొదటి చిక్కు పిల్లల మేతయే. గ్రుడ్డునుండి వెలువడిన చేపపిల్ల, తన కడుపులోని సొన తీరిన పిమ్మట నోటబట్టు ఆహారము దొరకనిచో కొలదిదినములలోనే చచ్చును. ఒక జత పెట్టిన వందల గ్రుడ్ల ఫలము ఇట్లు వ్యర్థమగును. చెఱువునుండి తెచ్చు పురుగులతో రోగములు వచ్చు భయము కలదు. కావున ఆర్టీమియా యను ఉప్పునీటి జీవి పిల్లలను ఇంటనే పొదిగింపుడని మా సూచన.

ఇది ఉప్పుసరస్సులలోను, ఉప్పుమళ్లలోను పుట్టు చిన్న ప్రాణి. దీని గ్రుడ్లు విత్తనములవలె ఎండి ఏండ్లకొలది నిద్రించి, ఉప్పునీరు తగులగా మేల్కొనును. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుండి వచ్చు గ్రుడ్లు డబ్బాలలో అమ్మబడుచున్నవి. సముద్రము దూరమైనను మనకు కల్లుప్పు చాలును.

2 లీటర్ల ప్లాస్టిక్ సీసా అడుగు కోసి, మూత బిగించి, తలక్రిందుగా నిలుపవలెను. 1 లీటరు నీటిలో 25 గ్రాముల ఉప్పు, చిటికెడు వంటసోడా కలిపి, 1 గ్రాము గ్రుడ్లు వేయవలెను. కుళాయినీరైనచో ఒకదినము ముందుగా తెఱచి యుంచుడు. గాలిపంపు గొట్టము సీసా అడుగువఱకు దింపి, గ్రుడ్లు మునిగి నిలువకుండ ఎడతెగక గాలి పంపవలెను. పైన దీపము వెలుగవలెను. నీటి వేడిమి 26 మొదలు 28 డిగ్రీలున్నచో సుమారు 24 గంటలలో నీరు నారింజవన్నె దాల్చును. చలికాలములో దీపమును దగ్గఱకు జరుపుడు.

అంతట గాలి నాపి పది నిమిషములు నిలుపుడు. పెంకులు పైకి తేలును, పొదుగని గ్రుడ్లు అడుగంటును. పిల్లలు వెలుగు వైపునకు చేరును గాన, దీపమును సీసా ప్రక్క క్రిందిభాగమున ఉంచి, అచ్చట గుమిగూడిన వానిని సన్నగొట్టముతో తీయవలెను. పలుచని గుడ్డలో వడకట్టి మంచినీట కడిగి వెంటనే మేపుడు. పెంకులు చేపపిల్లల కడుపులో అడ్డుపడవచ్చును. ఆలస్యమైనకొలది రొయ్యపిల్ల తన సొననే తినివేయును గాన మేత సారము తగ్గును. మంచినీటిలో అవి కొన్ని గంటలే బ్రతుకును. అధికముగా వేసిన మేత క్రుళ్లి తొట్టి చెడును. గౌరామివంటి మిక్కిలి సన్నని పిల్లలకు మొదటి దినములలో ఈ మేతయు పెద్దదే.

మఱి రెండు మాటలు. డబ్బా తెఱచిన పిమ్మట చెమ్మ తగిలినచో గ్రుడ్లు పొదుగవు. కావున సభ్యులు కలిసి ఒక డబ్బా కొని, పొడి సీసాలలో గట్టిగా మూసి పంచుకొని, చల్లనిచోట దాచుట లాభము. వాడిన ఉప్పునీటిని పొలమునందును బావిచెంతను పోయకుడు. చేపపిల్లలకు మేలు చేసిన ఉప్పే భూమికి కీడు చేయును.