మధుమేహులకు బరువు తగ్గుట ఎల్లప్పుడును మేలేనా?

"డాక్టరుగారూ, ఏ పథ్యమును లేకుండగనే రెండు మాసములలో ఎనిమిది కిలోలు తగ్గితిని" అని మాదాపూరులో కంప్యూటరు ఉద్యోగము చేయు నలుబది యేండ్ల మధుమేహ రోగి ఒకరు ఆ మధ్య ఆనందముతో చెప్పిరి. బరువు తగ్గినది గనుక రోగము కుదిరినదని తలచి ఆయన మాత్రలు కూడ మానివేసిరి. దాహము, నీరసము, రాత్రి పలుమార్లు మూత్రమునకు లేచుట ఉన్నవా యని అడుగగా, అన్నియు ఉన్నవనిరి. రక్తపరీక్షలో పరగడుపు చక్కెర 290 ఉన్నది. బరువు తగ్గినది రోగము కుదిరి కాదు, ముదిరి. వెంటనే వారిని మధుమేహ నిపుణుని యొద్దకు పంపితిని.

మధుమేహములో బరువు పెరిగినను, తరిగినను కారణము తెలిసికొనవలెను. గుండె క్షేమము దానితో ముడివడి యున్నది.

కూర్చుండి చేయు ఉద్యోగము

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు రేయింబవళ్ళు పనిచేయు కార్యాలయములతో నిండిపోయినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులును, ఏ.ఐ.జి. ఆసుపత్రి వైద్యులును 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితములను ప్రకటించిరి. నూటికి 84 మందికి కాలేయములో కొవ్వు అధికముగ ఉన్నది. 71 మంది స్థూలకాయులు. ఈ కొవ్వు ఇన్సులిన్ పనిని చెరచి మధుమేహమునకును, రక్తనాళములను చెరచి గుండె జబ్బునకును దారితీయును.

సుఖాసనము, అతినిద్ర, పెరుగు, కొత్త ధాన్యము, బెల్లపు వంటకములు ప్రమేహమునకు కారణములని చరకుడు ఏనాడో చెప్పెను. రోగులను బలముగల స్థూలులనియు, బలహీనులగు కృశులనియు ఇరుతెగలుగ విభజించి, మొదటివారికి శోధనమును, రెండవవారికి పుష్టినిచ్చు చికిత్సను విధించెను. కనుక ఒకే ఉపవాసము అందరికిని తగదు.

బరువు మార్పులు మూడు విధములు

1. కొవ్వు వలన మెల్లగ పెరుగునది: అతిభోజనము, వ్యాయామ లోపము దీనికి కారణములు. ఇన్సులిన్, కొన్ని మాత్రలు కూడ బరువును పెంచును. అంతమాత్రమున వాటిని స్వయముగ మానరాదు; వైద్యునితో చెప్పి మార్పించుకొనవలెను.

2. ప్రయత్నము లేక తగ్గునది: రక్తములో చక్కెర మితిమీరినపుడు అది మూత్రముతో పోవును. శరీరము తన కండను, కొవ్వును కరిగించుకొనును. ఇది ప్రమాద సూచన.

3. నీటి వలన హఠాత్తుగ పెరుగునది: రెండు మూడు దినములలో రెండు కిలోలు పెరిగి, పాదములు వాచి, పడుకొనిన ఆయాసము వచ్చుచున్నచో అది కొవ్వు కాదు. గుండె గాని, మూత్రపిండములు గాని బలహీనపడినవేమో అని ఆనాడే పరీక్షింపవలెను.

ఎంత తగ్గవలెను?

అమెరికాలో 5,145 మంది మధుమేహులపై 2001లో 'లుక్ అహెడ్' అను పరిశోధన మొదలయ్యెను. ఆహార, వ్యాయామములలో శిక్షణ పొందినవారు మొదటి ఏట సగటున నూటికి 8.6 వంతుల బరువు తగ్గిరి. కొంత మరల పెరిగి, చివరకు 6 వంతుల తగ్గుదలయే నిలిచెను. చక్కెర, రక్తపోటు మెరుగుపడినను, గుండెపోట్లు మొత్తముమీద చెప్పుకొనదగినంతగ తగ్గలేదు. అయితే మొదటి ఏట నూటికి 10 వంతులు గాని, అంతకు మించి గాని తగ్గినవారిలో గుండె జబ్బులు తక్కువగ కనబడినవి. కనుక కొంచెము తగ్గి మరల పెరుగుట చాలదు. 80 కిలోల స్థూలకాయుడు ఏడాదిలో 8 కిలోలు, అనగా నెలకు కిలోకు లోపుగ తగ్గి, దానిని నిలుపుకొనవలెను.

బరువు తగ్గించుటకై 2025లో మన దేశపు దుకాణములకు వచ్చిన వారపు సూదిమందులను వైద్యుని పర్యవేక్షణ లేక వాడరాదు. మానినచో బరువు తిరిగి పెరుగుట సామాన్యము.

ఆచరింపదగినవి

వారమునకొకసారి ఉదయమున, కాలకృత్యముల పిమ్మట బరువు తూచి వ్రాసికొనుడు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు.

వరి అన్నము తగ్గించి యవలు, కొఱ్ఱలు, పెసలు, కాకర, సొర వాడుడు. చక్కెర వేసిన టీలు, బిస్కెట్లు మానుడు. ఉసిరిక రసములో పసుపు కలిపి తీసికొనుట, నానిన మెంతులు తినుట మేలు. మాత్రలు వాడువారు వీటిని మొదలుపెట్టునపుడు వైద్యునికి తెలుపవలెను. లేనిచో చక్కెర మరీ పడిపోవచ్చును.

పేదవాడగు మధుమేహి పాదరక్షలు లేక నూరు యోజనములు నడవవలెనని సుశ్రుతుడు విధించెను. నడకను గ్రహింపుడు, పాదరక్షలను మాత్రము విడువకుడు. స్పర్శ తగ్గిన పాదమునకు చిన్న రాయియు పుండు తెచ్చును. దుర్గం చెరువు గట్టునగాని, కొండాపూరు బొటానికల్ గార్డెనులోగాని నిత్యము అరగంట నడచిన చాలును. ఇదివరకే గుండె జబ్బున్నవారు వైద్యుని అడిగి ఆరంభింపవలెను.

హెచ్చరిక

మధుమేహములో నాడులు దెబ్బతినుటచే గుండెపోటు వచ్చినను ఛాతీనొప్పి తెలియకపోవచ్చును. ఆకస్మికముగ ఆయాసము, చల్లని చెమట, దవడ లేక చేతి నొప్పి, అంతులేని నీరసము కలిగినచో గృహచికిత్సలతో కాలము వ్యర్థము చేయక వెంటనే 108కి ఫోను చేయుడు.

మొదట చెప్పిన మాదాపూరు రోగి మందులు మరల మొదలుపెట్టి, మూడు మాసములకు మూడు కిలోలు పెరిగి వచ్చిరి. చక్కెర అదుపునకు వచ్చినది. ఆయన విచారించిరి గాని, నేను సంతోషించితిని. నడక, పథ్యములతో మెల్లగ తగ్గుట ఇక ఆరంభింపవచ్చునని చెప్పితిని.