జహీరాబాద్ కుర్రకారు... భీమిలి కెరటాలు!

తెరమీద సముద్రం ఎంత బుద్ధిగా ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? హీరో నవ్వితే పొంగుతుంది. హీరోయిన్ ఏడిస్తే నిట్టూరుస్తుంది. డైరెక్టర్ 'కట్' అనగానే మాయమైపోతుంది!

మా జహీరాబాద్ వాళ్ళకి తెలిసిన సముద్రం అదే. ముంబై రోడ్డుమీద లారీలు, చెరకు తోటలు, ఎర్రమట్టి చేలు... అటు కాస్త దూరం పోతే కర్ణాటక పొలిమేర. కెరటం చూడాలంటే మేం సినిమా హాలుకే పోవాలి!

అందుకే ఈ సంక్రాంతి వెళ్ళాక నేను, మా చిన్నాన్న కొడుకు, వాడి దోస్తులిద్దరు... నలుగురం అసలు సముద్రాన్నే చూసొద్దామని బయల్దేరాం. హైదరాబాద్ దాకా బస్సు, అక్కణ్ణించి గోదావరి ఎక్స్‌ప్రెస్. మొత్తం 800 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. చలికాలమే ఎందుకంటారా? అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుఫాన్ల రోజులు. జనవరికి సముద్రం కాస్త నెమ్మదిస్తుంది. ఎండ కూడా చురుక్కుమనదు.

గాలికోసం కట్టిన మేడ

విశాఖ బీచ్ రోడ్డులో మొదట మమ్మల్ని ఆపింది సముద్రం కాదు, దానికి ఎదురుగా నిలబడిన హవా మహల్! జయపురం మహారాజా రామచంద్ర దేవ్ 1917-1923 మధ్య కట్టించిన మేడ ఇది. జయపురమంటే రాజస్థాన్‌లోది కాదండోయ్! ఇప్పుడు ఒడిశాలో ఉన్న కొండల సంస్థానం. ఆ రోజుల్లో మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆయన తర్వాత గద్దెనెక్కిన విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయల విరాళమిచ్చిన దాత. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు.

ఈ మేడ ప్రైవేటు ఆస్తి. అందరికీ రోజూ తలుపులు తెరిచి ఉండవు. మేం గేటు బయటినుంచే చూశాం. మా తమ్ముడు ఊరుకుంటాడా!

"అన్నా, రాజు గూడ మన లెక్కనే గదా! ఇంటికాడ సముద్రం లేకనే గింత దూరం వచ్చి మేడ కట్టిండు!"

వాడి మాట కొట్టిపారెయ్యలేకపోయాను. కాకపోతే రాజుగారు మేడ కట్టుకున్నారు... మేం రూము అద్దెకు తీసుకున్నాం. అదే తేడా!

తెడ్డు పట్టిన వేళ

మర్నాడు పొద్దున్నే రుషికొండ. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు తెచ్చుకున్న తీరం ఇది. ఇక్కడ కయాక్ ఎక్కాం. కయాక్ అంటే ఒకరో ఇద్దరో కూర్చునే సన్నటి పడవ. తెడ్డుకి రెండు చివరలా రేకులుంటాయి. కుడివైపోసారి, ఎడమవైపోసారి వెయ్యాలి. లైఫ్ జాకెట్ కట్టుకోనిదే ఎక్కనివ్వరు, ఎక్కకూడదు కూడా!

పది నిమిషాలకే భుజాలు పట్టేశాయి. అయినా ఆ సరదా వేరు. అల వచ్చినప్పుడు పడవ మెల్లగా పైకి లేచి దిగుతుంటే కడుపులో ఏదో గిలి! సినిమాలో కెమెరా ఎప్పుడూ ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూపిస్తుంది. ఇక్కడ సముద్రంలో కూర్చుని ఒడ్డును చూశాం. మనుషులు చీమల్లా ఉన్నారు.

ఒడ్డుకొచ్చాక తమ్ముడికి హీరో పూనాడు. షర్టు విప్పి, అలలు తక్కువగా ఉన్నచోటు చూసి పరుగందుకున్నాడు. వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన కేకేశాడు.

"ఆగు బాబూ! అలలు లేవని అటెల్తన్నావా? ఆ జాగాయే లోపలికి లాగేత్తాది!"

అదండీ అసలు రహస్యం! ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి పోవాలిగా... అవి ఒక సన్నని దారి చేసుకుని జోరుగా వెనక్కి పోతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. అక్కడ అల సరిగా విరగదు. అందుకే మనలాంటి కొత్తవాళ్ళకి నిమ్మళంగా కనిపిస్తుంది. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీది అలిసిపోకూడదు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ లాగుడు తప్పించుకున్నాక ఒడ్డెక్కాలి. ఈత రానివాళ్ళు మోకాళ్ళు దాటి దిగనేకూడదు. విశాఖ తీరంలో ఏటా ఎందరో కుర్రాళ్ళు కొట్టుకుపోతున్నారు. ఏ సినిమా చెప్పింది మనకీ సంగతి?

అర్ధరాత్రి అతిథులు

ఈ తీరానికి చలికాలంలో వచ్చే అసలు అతిథులు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు. ఆడ తాబేలు రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుకలో గుంట తీసి వందకు పైగా గుడ్లు పెట్టి, కప్పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. తాను పుట్టిన తీరాలకే మళ్ళీ వస్తుందట! కుక్కలు తినెయ్యకుండా ఆ గుడ్లను వేకువనే ఏరి, కంచె కట్టిన హేచరీలో పాతిపెడతారు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడెక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు!

మేం ఒక హేచరీ చూశాం. దానికి కాస్త దూరంలోనే చచ్చిపడున్న పెద్ద తాబేలునీ చూశాం. చేపల మరపడవల వలల్లో ఇరుక్కుని, పైకొచ్చి ఊపిరి పీల్చే వీల్లేక ఏటా ఎన్నో ఇలా పోతున్నాయి. మా నలుగురిలో ఎవరికీ మాట రాలేదు.

బాలు, స్వప్నల ఊరు

భీమిలి చూడకుండా సినిమా పిచ్చోళ్ళు తిరిగొస్తారా? కె. బాలచందర్ 1978లో 'మరో చరిత్ర' తీసింది ఈ చుట్టుపక్కలే. కమల్ హాసన్ బాలు. మొదటి సినిమాతోనే మన గుండెల్లో స్వప్నగా నిలిచిపోయిన సరిత! డబ్బింగ్ లేకుండా తెలుగులోనే మద్రాసు సఫైర్ థియేటర్లో 596 రోజులు ఆడింది. బ్లాక్ అండ్ వైట్‌లో చూసిన ఆ సముద్రానికి రంగు మాకు ఇప్పుడు తెలిసింది.

దారిలో ఎర్రమట్టి దిబ్బలు కనబడగానే మావాళ్ళు "గిది మన ఊరి మన్నే!" అని కేరింతలు. మట్టి వేరైనా ఎరుపు మాత్రం రెండు చోట్లా ఇనుముదే. భీమిలిలో డచ్చివారి సమాధులున్నాయి, 1661 నాటిది కూడా ఉంది. ఊళ్ళో పాత గోడలమీద మేకులతో చెక్కిన జంటల పేర్లూ ఉన్నాయి. ప్రేమకు గుర్తు గోడమీద గాటేనా, మీరే చెప్పండి!

మీరూ తప్పకుండా వెళ్ళండి. ఒక్క మాట మాత్రం మర్చిపోకండి. గుడ్డు చీల్చుకున్న తాబేలు పిల్ల, చీకట్లో సముద్రంమీద మెరిసే వెలుగు చూసి అటు నడుస్తుంది. ఒడ్డున మనం నెగడు వేసినా, సెల్‌ఫోన్ టార్చ్ వెలిగించినా అదే సముద్రమనుకుని ఇటొచ్చేస్తుంది. తెల్లారేసరికి కాకులపాలు! అందుకే రాత్రి బీచ్‌లో లైట్లార్పేసి కూర్చోండి. మనకైతే షాట్ పోతే మరో టేకుంది. తాబేలు పిల్లకి ఉన్నది ఒక్కటే టేకు!