కరిసల్ నేలలో పిల్లలకు ఒక పగలు

తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్‌కు సుమారు 50 కిలోమీటర్లు. మధ్యలో సాత్తూరు. 44వ జాతీయ రహదారి మీద బస్సులో వెళుతుంటే రెండు పక్కలా నల్లరేగడి కనిపిస్తుంది. తమిళులు దీన్ని ‘కరిసల్’ అంటారు. ఈ నేల మీద తెలుగు మాట్లాడే కుటుంబాలు వందల ఏళ్లుగా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలోనూ బజారులోనూ తమిళం. ఈ ఊళ్లలో పిల్లల కోసం డే క్యాంప్ (పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరే పగటి శిబిరం) పెట్టాలంటే ఏమేం ఆలోచించాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు దాని స్వరూపం. విహారయాత్రలో పిల్లలు చూసి వస్తారు. శిక్షణ శిబిరంలో ఒకే విద్య నేర్చుకుంటారు. పగటి శిబిరంలో ఆరుబయట కాళ్లతో, చేతులతో పని చేస్తారు. నడుస్తారు, తవ్వుతారు, ఎక్కుతారు, ఆడతారు, వండుకుంటారు. రాత్రి బస ఉండదు. అందుకని ఖర్చు తగ్గుతుంది. ఆరేడేళ్ల పిల్లలు కూడా రాగలరు. రాత్రి బయట ఉంచడానికి ఒప్పుకోని తల్లిదండ్రులు కూడా ఆడపిల్లల్ని పంపుతారు. చిన్న ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు.

ఈ ప్రాంతంలో పిల్లల పగటికి ఒక చరిత్ర ఉంది. శివకాశి విరుదునగర్ జిల్లాలోనే ఉంది. అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చి, 1923లో ఇక్కడ పరిశ్రమ మొదలుపెట్టారు. అది శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి చుట్టూ పాకింది. కారణం వాతావరణమే. వాన తక్కువ, గాలి పొడి, ఎండ ఎక్కువ. మందు అద్దిన పుల్లలు ఆరడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. వ్యవసాయం గిట్టని ఇళ్లకు అదే బతుకుదెరువైంది. పుల్లల్ని చట్రాల్లో పేర్చడానికి, పెట్టెలు అతకడానికి పిల్లల వేళ్లు పనికొచ్చాయి. దశాబ్దాల పాటు వేలమంది పిల్లల పగలు అలా గడిచిపోయింది.

తర్వాత చట్టాలు వచ్చాయి. 1986లో బాలకార్మిక చట్టం చేశారు. 1996 డిసెంబరు 10న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు శివకాశి పిల్లల గురించే తీర్పు చెప్పింది. చట్టాన్ని ఉల్లంఘించి పిల్లల్ని పనిలో పెట్టుకున్న యజమాని ఒక్కో బిడ్డకు 20,000 రూపాయలు కట్టాలని ఆదేశించింది. 2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. పిల్లలు బడికి చేరారు. ఇది పెద్ద గెలుపు. దీన్ని తక్కువ చేసి చూడకూడదు.

అయితే బడి వదిలాక ట్యూషన్, ట్యూషన్ వదిలాక ఫోన్. అలా పిల్లల పగలంతా గోడల మధ్యే గడుస్తోంది. తాతల కాలంలో పిల్లల పగలు పనిలో పోయింది. మనవల కాలానికి ఎండే దాదాపు లేకుండా పోయింది.

ఎండ లేకపోతే నష్టమేమిటి? కంటి సంగతే తీసుకుందాం. హ్రస్వదృష్టి (దగ్గరివి కనబడి దూరానివి మసకబారే లోపం) వచ్చినప్పుడు కనుగుడ్డు ముందునుంచి వెనక్కి కాస్త పొడవుగా పెరుగుతుంది. దాంతో వెలుగు కంటి వెనుక పొర మీద కాకుండా దానికి ముందే కేంద్రీకృతమవుతుంది. ప్రకాశవంతమైన వెలుగు తగిలినప్పుడు ఆ పొర డోపమైన్ (కణాల మధ్య సమాచారం మోసే రసాయనం) విడుదల చేస్తుందనీ, అది కనుగుడ్డు సాగకుండా నెమ్మదింపజేస్తుందనీ శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. మామూలు తరగతి గదిలో వెలుగు కొన్ని వందల లక్స్ (వెలుగు కొలమానం) ఉంటుంది. ఆరుబయట పగలు పదివేలు దాటుతుంది. చెట్టు నీడలో కూడా గది కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 బడుల్లో ఒక పరిశీలన చేశారు. ఒకటో తరగతి పిల్లల్లో సగం బడుల వాళ్లకు రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట పీరియడ్ పెట్టారు. మూడేళ్ల తర్వాత చూస్తే, బయట గడిపిన పిల్లల్లో 30.4 శాతం మందికి, మిగతావాళ్లలో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది. 2015లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఒక్క రోజు శిబిరంతో కళ్లు బాగుపడవు. ఆ 40 నిమిషాలు రోజూ జరిగాయి. శిబిరం చేయగలిగింది ఒక్కటే, బయట గడపడం ఎంత బాగుంటుందో రుచి చూపించడం.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. అగ్గిపుల్లల్ని ఆరబెట్టిన ఎండే పిల్లల్నీ ఆరబెడుతుంది.

మన ఒంట్లో ఎప్పుడూ వేడి పుడుతూనే ఉంటుంది. పరుగెత్తితే ఇంకా ఎక్కువ పుడుతుంది. అది బయటికి పోవడానికి రెండు దారులు ముఖ్యం. చర్మం నుంచి నేరుగా గాలిలోకి పోవడం ఒకటి. చెమట ఆరుతూ వేడిని తీసుకుపోవడం రెండోది. చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతవరకూ మొదటి దారి పనిచేస్తుంది. కోవిల్‌పట్టి వైపు ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో 38 డిగ్రీలు మామూలే. అప్పుడు ఆ దారి ఎదురు తిరుగుతుంది. వేడి గాలిలోంచి ఒంట్లోకి వస్తుంది. ఇక చెమట ఒక్కటే దిక్కు.

పిల్లలకు ఇక్కడ రెండు ఇబ్బందులు. బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం విస్తీర్ణం పెద్దవాళ్ల కంటే ఎక్కువ. అందుకని బయటి వేడి తొందరగా లోపలికి చేరుతుంది. చెమట మాత్రం పెద్దవాళ్ల కంటే తక్కువ పడుతుంది. పైగా ఆటలో పడితే దాహం గుర్తు రాదు. కరిసల్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. చెన్నైలో అయితే చొక్కా తడిసి ముద్దవుతుంది, తల్లికి తెలుస్తుంది. ఇక్కడ చొక్కా పొడిగానే ఉంటుంది. నీళ్లు మాత్రం పోతూనే ఉంటాయి. అందుకే దాహం వేసినా వేయకపోయినా ఇరవై నిమిషాలకోసారి ఈల వేసి అందరి చేతా నీళ్లు తాగించాలి.

తలనొప్పి, వాంతి, తూలడం, పొంతన లేని మాటలు కనిపిస్తే ఆట ఆపి నీడకు చేర్చాలి. ఒళ్లంతా తడిపి విసరాలి. 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేని బిడ్డ నోట్లో నీళ్లు పోయకూడదు.

దీన్నిబట్టి నా అభిప్రాయం ఇది. మే నెలలో, వేసవి సెలవులు ఉన్నాయి కదా అని, ఇక్కడ రోజంతా శిబిరం పెట్టడం తప్పు. మేలో పెట్టాలనుకుంటే పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా చాలు. పూర్తి పగలు కావాలంటే డిసెంబరు చివర్లో వచ్చే అర్ధ సంవత్సర పరీక్షల సెలవులు సరైన సమయం. ఈ ప్రాంతానికి వాన ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. అప్పటికి నేల పచ్చగా ఉంటుంది, ఎండ ఓర్చుకునేలా ఉంటుంది. డిసెంబరుకూ ఒక ప్రమాదం ఉంది. చెరువులు, దిగుడు బావులు నిండి ఉంటాయి. శిబిరం స్థలం వాటికి దూరంగా ఉండాలి.

అక్కడ ఏం చేయించాలి? ఖరీదైన తాళ్లు, వలలు, గాలి బొమ్మలు అక్కర్లేదు. కాళ్ల కింద ఉన్న మట్టే మొదటి పాఠం. ఎండిన రేగడి గడ్డను గాజు గ్లాసులో వేసి నీళ్లు పోయమనండి. ఉబ్బుతుంది. ఈ మట్టిలోని బంకమన్ను రేణువులు పొరలుపొరలుగా ఉంటాయి. నీరు ఆ పొరల మధ్యకు చేరి వాటిని విడదీస్తుంది. ఆరితే పొరలు దగ్గరపడి నేల బీటలు వారుతుంది. వేసవిలో బీటల్లోకి కాలు దిగబడటం, వానలో చెప్పుకు సేరు బురద అంటుకోవడం ఒకే కారణం వల్ల అని పిల్లలు తమ చేతులతోనే తెలుసుకుంటారు.

కోవిల్‌పట్టికి పడమటగా కళుగుమలై ఉంది. అక్కడి వెట్టువాన్ కోయిల్ ఎనిమిదో శతాబ్దపు పాండ్యుల నాటిది. ఒకే కొండరాతిని పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చి, పూర్తికాకుండానే వదిలేశారు. సగంలో ఆగిన పని కనుకనే ఎలా చెక్కారో పిల్లలకు కంటికి కనబడుతుంది. రాయి కాలకముందే, పొద్దున్నే ఎక్కించి దింపాలి.

ఇక ఆటలు. కోస్తాలో బిళ్ళంగోడు, తెలంగాణలో చిర్రగోనె, తమిళంలో కిట్టిపుల్ అన్నీ ఒకే ఆట. ఇంట్లో అవ్వను ఏమంటారో అడిగి రమ్మంటే పిల్లలతో పాటు మాట కూడా శిబిరానికి వస్తుంది. చెట్ల పేర్లూ అంతే. ఈ నేలలో పుట్టిన తెలుగింటి రచయిత కి. రాజనారాయణన్ తమిళంలో రాశారు. దక్షిణానికి వలస వచ్చిన తెలుగువాళ్ల ఊరి కథ చెప్పిన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. కరిసల్ మాటలకు నిఘంటువు కూర్చారు. ఆయన ఊరు ఇడైసేవల్ కోవిల్‌పట్టి పక్కనే.

కోవిల్‌పట్టికి హాకీ కూడా సొంత ఆటే. 2022లో జకార్తా ఆసియా కప్‌లో కంచు పతకం గెలిచిన భారత జట్టులో ఈ ఊరి కుర్రాడు మారీశ్వరన్ శక్తివేల్ ఉన్నాడు. ఇలాంటి ఊళ్లో పిల్లల చేతికి ఒక పూట కర్ర ఇవ్వడం కష్టమేమీ కాదు. తినడానికి కోవిల్‌పట్టి కడలై మిఠాయి ఉండనే ఉంది. వేరుశనగపప్పు, బెల్లం కలిసిన పట్టీ. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు (ఫలానా చోటి సరుకని చట్టం ఇచ్చే ముద్ర) వచ్చింది. వేరుశనగ పడని పిల్లలు ఉన్నారేమో ముందే అడగాలి.

జాగ్రత్తల్లో లెక్క ముఖ్యం. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ పగటి శిబిరాలకు పెట్టుకున్న ప్రమాణం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు ఎనిమిది మందికి ఒక పెద్దమనిషి, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు పదిమందికి ఒకరు ఉండాలి. మన దగ్గర నలభై మందికి ఒక మాస్టారు ఉండటం అలవాటు. నాలుగు గోడల మధ్య అది నడుస్తుంది. బావులు, సర్కారు తుమ్మ ముళ్లు, పాములు ఉన్న చోట నడవదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు ఇంజెక్షన్ పనిచేస్తుంది. అది ఏ ఆస్పత్రిలో ఉందో నిర్వాహకులకు ముందే తెలిసి ఉండాలి. శివకాశి వైపు ఉన్న బాణసంచా తయారీ షెడ్ల దరిదాపులకు పిల్లల్ని తీసుకెళ్లనే కూడదు.

ఈ ఊళ్లలో తెలుగు సంఘాలకు కల్యాణ మండపాలు ఉన్నాయి, వాటి వెనక వేపచెట్ల నీడ ఉంది, వంటపాత్రలు ఉన్నాయి. డిసెంబరు సెలవుల్లో ఒక్క శనివారం వాటిని పిల్లలకు ఇవ్వండి. రుసుము పెట్టకండి. అగ్గిపెట్టెల పనికి వెళ్లే తల్లుల పిల్లల్ని ముందు పిలవండి.