శాండర్స్ దొర ఎవరు?

తిరుపతిలో వుండేవారికి ఎర్రచందనం మాట కొత్త కాదు. దుంగలు పట్టుబడిన వార్త తరచు పేపర్లో కనిపిస్తూనే వుంటుంది. అటవీశాఖవారు దాన్నే ‘రెడ్ శాండర్స్’ అంటారు. ‘ఈ శాండర్స్ ఎవరండీ?’ అని కాలేజీ కుర్రవాళ్ళు అడుగుతారు. కాటన్ దొర ఆనకట్ట కట్టినట్టు, బ్రౌన్ దొర నిఘంటువు కూర్చినట్టు, శాండర్స్ దొర శేషాచలం అడవుల్లో తిరిగి ఈ చెట్టుకు తన పేరు పెట్టి వుంటాడని వారి వూహ. ఇంగ్లండులో శాండర్స్ అనే ఇంటిపేరు వున్నమాట నిజమే. అలెగ్జాండర్ అన్న పేరును కుదించగా వచ్చింది అది.

కాని చెట్టు పేరులోని శాండర్స్‌కు ఏ దొరతోనూ చుట్టరికం లేదు. అది అచ్చంగా మన చందనమే!

సంస్కృత చందనం వర్తకుల వెంట పడమటికి పోయింది. అరబ్బీలో ‘సందల్’ అయింది. మధ్యయుగపు లాటిన్‌లో ‘సాండలం’, పాత ఫ్రెంచిలో ‘సాండ్ర్’, చివరికి ఇంగ్లీషులో ‘శాండర్స్’ అయింది. నకారం లకారమైంది, లకారం రకారమైంది. ‘రలయోరభేదః’ అని మన పండితులు చెప్పేమాట ఫ్రెంచివారి నోట కూడా చెల్లిందన్నమాట! ఇన్ని దేశాలు తిరిగి పుట్టింటికి వస్తే, పాపం, ఆ ఆడపడుచును మనమే గుర్తుపట్టలేదు.

మరి కాళ్ళకు తొడుక్కొనే శాండల్స్? వాటికీ చందనానికీ సంబంధం లేదు. అది చెప్పుకు గ్రీకులు పెట్టుకొన్న పేరు. ధ్వని ఒకటే, వంశాలు వేరు.

ఇంతకంటే తమాషా ఇంకొకటి వుంది. 1390 ప్రాంతంలో ఇంగ్లండు రాజు రెండవ రిచర్డు వంటవాళ్ళు కూర్చిన వంటల పుస్తకం ఒకటున్నది. ‘ది ఫోర్మ్ ఆఫ్ క్యూరీ’ అనే పేరుతో ప్రసిద్ధం. ‘ఇంకేం! క్యూరీ అంటే తమిళుల కరి, మన కూర’ అని ఎగిరి గంతు వేయబోతాం. తొందరపడకండి. వండడమనే ఫ్రెంచి మాటనుంచి వచ్చింది ఆ క్యూరీ. అయితే అదే పుస్తకంలో వంటకాలకు ఎర్రరంగు తేవడానికి శాండర్స్ పొడి వేయమని వున్నది. ఎర్రచందనానికి సువాసన లేదు, రంగే దాని విలువ. మనదిలా కనిపించే క్యూరీ మనది కాదు. దొరలా కనిపించే శాండర్స్ మనది!

చిత్తూరు మామిడిగుజ్జు డబ్బాలమీద ‘మ్యాంగో’ అని వుంటుంది. రెండింటికీ మొదట మకారమే గదా అని మామిడే మ్యాంగో అయిందనరాదు. మలయాళ, తమిళాల ‘మాంగా’ను పోర్చుగీసువారు పట్టుకుపోయారు. వారినుంచి ఇంగ్లీషువారు అందుకొన్నారు. తెలుగు తమిళాలు పక్కపక్కనే వినిపించే చిత్తూరులో ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

పుట్టుక తెలిస్తే వాడుక కూడా చక్కబడుతుంది. ‘గూస్’కు బహువచనం ‘గీస్’ కదా, ‘మంగూస్’కు ‘మంగీస్’ కాదా అని పిల్లల సందేహం. కాదు, ‘మంగూసెస్’ అనాలి. అందులో బాతు లేనే లేదు. అది మరాఠీ మంగూస్, మన ముంగిసకు దగ్గరి చుట్టం.

ఇక అచ్చ తెలుగునుంచి ఇంగ్లీషుకు వెళ్ళినదేది? ‘బ్యాండికూట్’. అంటే మన పందికొక్కే! యూల్, బర్నెల్ పండితులు 1886లో ప్రకటించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ఈ సంగతి ఒప్పుకొంది. ఆ పేరు ఆస్ట్రేలియాకూ వెళ్ళి, అక్కడ పిల్లలను పొట్టసంచిలో పెంచుకొనే వేరే జంతువుకు స్థిరపడింది.

ఇంగ్లీషు మాటలన్నీ మనవేనని సభల్లో కొందరు చప్పట్లు కొట్టించుకొంటారు. ధ్వని కలిసినంతమాత్రాన చుట్టరికం కుదరదు. పిల్లనిచ్చేముందు గోత్రం, వూరు, ఇంటిపేరు విచారిస్తామే, మాటకూ అంతే. ఏ కాలంలో, ఏ దారిన, ఎవరి నోట ప్రయాణించిందో తేలాలి. లేనివి మనవని చెప్పుకొంటూ పోతే, నిజంగా మనవైనవాటిని చూపినప్పుడు కూడా ఎవరూ నమ్మరు. చందనాన్ని దొరకు వదిలేసి క్యూరీకోసం పోట్లాడడం వల్ల నష్టం మనకే సుమండీ!