బంతి బరువు... నడుం బలం!

గ్యాస్ సిలిండర్ జరపాలన్నా, నిండు బిందె దించాలన్నా, స్కూటర్ వెనక్కి లాగి స్టాండ్ వెయ్యాలన్నా ముందు సిద్ధమయ్యేది చేతులు కాదు... నడుం! చెయ్యి కదలడానికి లిప్తపాటు ముందే పొట్ట లోపలి కండరాలు బెల్టు బిగించినట్టు బిగుసుకుంటాయి. నడుంనొప్పి ఉన్నవాళ్లలో ఈ బిగింపు ఆలస్యమవుతున్నట్టు 1990ల్లో జరిగిన పరిశోధనల్లో తేలింది.

పొట్ట, పక్కలు, వీపు కింది భాగం, పిరుదులు... ఈ కండరాలన్నిటినీ కలిపి వ్యాయామ నిపుణులు 'కోర్' అంటారు. సిటప్స్ తీస్తే పనిచేసేది ఎక్కువగా ముందువైపు కండరాలే. పైగా ఒక్కరే చేస్తే పదిరోజులకే బద్ధకం వచ్చేస్తుంది. అందుకే జిమ్‌లలో శిక్షకులు ఇద్దరిని జత చేసి, చేతికో బరువు బంతి ఇస్తుంటారు. దాని పేరు మెడిసిన్ బాల్. అందులో మందేమీ ఉండదు... ఉన్నదంతా బరువే!

ఎగిరొచ్చిన బంతిని పట్టుకోగానే ఆ బరువు మనిషిని వెనక్కో పక్కకో తోస్తుంది. తూలిపోకుండా ఆపాల్సింది నడుమే. గోడకేసి ఒంటరిగా కొట్టుకుంటే బంతి ఎలా తిరిగొస్తుందో ముందే తెలిసిపోతుంది. ఎదుట మనిషి ఉంటే అలా కాదు.

అమెరికా అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్‌ (1929-33) ఒళ్లు అదుపులో ఉండటానికి ఆయన వైద్యుడు జోయెల్ బూన్ పట్టుకున్న కిటుకూ ఇదే. పొద్దున్నే 7 గంటలకు శ్వేతసౌధం పచ్చికలో అధ్యక్షుడూ ఆయన సహచరులూ 8 అడుగుల ఎత్తు వల మీదుగా 2.7 కిలోల బంతి విసురుకునేవారు. లెక్క టెన్నిస్‌ మాదిరే. ఆ ఆటకు 'హూవర్‌బాల్' అనే పేరే స్థిరపడిపోయింది.

ఇంట్లో ఆలుమగలో, అక్కచెల్లెళ్లో మొదలుపెట్టాలంటే ముందు మామూలు బాస్కెట్‌బాల్‌ చాలు. అలవాటయ్యాక 1 కిలో, ఆపైన 2 కిలోలు. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త వంచి, ఇద్దరూ వీపులు ఎదురెదురుగా ఉండేలా నిలబడాలి. ఒకరు కుడివైపు తిరిగి బంతి ఇస్తే రెండోవారు ఎడమవైపు తిరిగి అందుకోవాలి. ఎనిమిదిసార్లయ్యాక దిశ మార్చాలి. ఆ తర్వాత నాలుగడుగుల దూరంలో ఎదురెదురుగా నిలబడి ఛాతీ దగ్గర్నుంచి విసురుకోవచ్చు.

ఇక్కడ జోడీ పని విసరడం ఒక్కటే కాదు. ఎదుటివారి వీపు గూనిలా వంగుతున్నా, ఊపిరి బిగబడుతున్నా బంతి ఇవ్వడం ఆపెయ్యాలి. చేసేవారికి ఆ తప్పు తెలియదు మరి! మొగుడూపెళ్లాల మధ్య ఇది కాస్త కష్టమే... పంతానికి పోయి గట్టిగా విసిరితే వ్యాయామం కాస్తా గొడవవుతుంది.

బొజ్జ కరిగిపోతుందనుకుంటే మాత్రం నిరాశే. కండరం గట్టిపడుతుంది కానీ దాని మీది కొవ్వు తగ్గాలంటే నడక, తిండిలో అదుపు తప్పవు. డిస్కు సమస్య, ఎముకల బలహీనత, అధిక రక్తపోటు ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్యే పొట్టకు ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ని అడక్కుండా బంతి ముట్టుకోకూడదు. నడుంనొప్పి కాలిలోకి పాకుతున్నా అంతే.

మేడమీద వాటాలో ఉంటే విసురుళ్లు వద్దు. వీపులు పెట్టి చేతికందించుకునే వరస చాలు. బంతి జారిపడిందంటే కింది వాటావాళ్లు పైకొచ్చేస్తారు!